తవుడు బస్తా మీద నేర్చిన తన్ను

ఒక పెరట్లో పర్ల అనే పడుచు పుంజు ఉండేది. యజమాని నులకమంచం మీద పడుకుని, ఫోన్లో తన్నులు నేర్పే వీడియోలు చూస్తుంటే, అది మంచం కోడు మీదికెక్కి కూర్చుని చూసేది. చూసినదంతా తవుడు బస్తా మీద సాధన చేసేది. బస్తా ఏనాడూ తిరిగి తన్నలేదు.

పందేల్లో ఒక కన్ను పోగొట్టుకున్న ముసలి పుంజు దాన్ని పిలిచింది. "ఇలా రారా. నువ్వు నన్ను తన్ను, నేను నిన్ను తంతాను. అప్పుడు గానీ ఒంటపట్టదు."

"నువ్వు తంతే ఈకలూడతాయి తాతా. ఫోన్లో మా మాస్టారు ఒక్క ఈక ఊడకుండా నేర్పుతున్నారు," అంది పర్ల.

అది ఎగిరి తన్నే తీరు చూసి పెరడంతా మురిసిపోయింది. పిల్లలకోడి కూడా నమ్మింది. "ముంగిస వస్తే మన పర్ల ఉన్నాడుగా," అని తన ఆరు పిల్లల్నీ కంచె దాకా మేతకు వదిలింది.

ముంగిస రానే వచ్చింది. పర్ల వీడియోలో చూసినట్టే ఎగిరి, చూసినట్టే తన్నింది. ముంగిస మాత్రం బస్తాలా నిలబడలేదు. పక్కకు తప్పుకుని, పర్ల కిందికి దిగేలోగా ఒక పిల్లను నోట కరుచుకుని కంచె దాటిపోయింది.

పర్ల దుమ్ము దులుపుకుంది. ఒంటి మీద ఒక్క ఈక కూడా ఊడలేదు.

"బెత్తెడులో తప్పింది పిన్నీ! ఆ వీడియో మళ్ళీ చూస్తాను."

పిల్లలకోడి మిగిలిన ఐదింటినీ రెక్కల కిందికి లాక్కుంది.

"చూడు నాయనా. దాన్నయితే వెనక్కి తిప్పొచ్చు."