పాకనిది

స్ఫాక్స్ నగర ఆసుపత్రిలో వసీలాకు మత్తు వదిలేసరికి పక్కన ఆడపడుచు మబ్రూకా కూర్చుని ఉంది.

"ఏటా కుస్కుస్‌కి గోధుమరవ్వ నలపమంటే చెయ్యి నొప్పని తప్పించుకుంటావు కదా వదినా. నేను పోతే ఎవరు నలుపుతారని బెంగపడి వచ్చావా?" అంది వసీలా.

"నువ్వప్పుడే పోవులే. రొమ్ములో గడ్డ తీసేశారు. జబ్బు పాకితే ముందుగా చేరే చంకలోని గ్రంథిని తీసి పరీక్షించారు. క్యాన్సర్ అక్కడికి పాకలేదట."

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావు?"

"ట్యూనిస్‌లో ఉన్నప్పుడు నాకూ ఈ ఆపరేషనే చేశారు. నాకు పాకింది. చంకలో గ్రంథులన్నీ తీసేశారు. అప్పట్నుంచీ బరువు పని చేస్తే ఈ చెయ్యి వాచిపోతుంది."

వసీలా వదిన చేతివైపు చూసింది.

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే జాలిపడేవాళ్ళు. దానికంటే నీ వెటకారమే నయం."

వసీలా తన దిండును మెల్లగా జరిపి వదిన చేతి కింద పెట్టింది.

"ఎత్తులో పెట్టుకో, సోమరిపోతా," అంది.