జాడీ అడుగున మన్ను

"సర్వే నంబరు లేని మట్టి తీసుకోం మామ్మా."

గాజువాక మట్టి పరీక్షల ల్యాబులో చేరి నెలే అయినా, హిమబిందుకు రూల్సన్నీ నోటికి వచ్చేశాయి.

ముసలామె గుడ్డమూట కౌంటరు మీద పెట్టింది. నిండా ఎర్రమన్ను.

"మల్కాపురం నుంచి వొచ్చినాను తల్లీ. గురువమ్మంతారు. పెద్దసారు ఉన్నారా?"

"సెలవులో ఉన్నారు. ఏ పొలం మట్టి ఇది?"

"మా మల్బరీ తోటది. ఇప్పుడు తోట లేదు. దాని మీద కంటైనర్లు పేర్సేసినారు."

"లేని తోటకి పరీక్షేటి మామ్మా?"

"పరీచ్చకి కాదమ్మా. ఉంచండి, సాలు. ఇదే ఆకరు. ఇంట్లో కుండ కాళీ అయిపోనాది."

ఆమె వెళ్లిపోయింది. చాదస్తం అనుకుంది హిమబిందు.

బల్ల మీద నలభై మంది పట్టుపురుగుల రైతుల తోటల మట్టి గుట్టగా ఉంది. ఏ తోటలో ఏ పోషకం తక్కువో వారంలో మ్యాపు గీసి ఇవ్వాలి. ఎరువు తప్పితే ఆకు పాడవుతుంది. ఆకు పాడైతే పురుగు గూడు కట్టదు. పాపం, వాళ్ల కష్టమంతా ఆ మ్యాపు మీదే ఉంది.

మూట విప్పి చెత్తడబ్బాలో దులిపేసింది. మర్నాడు మున్సిపాలిటీ బండి వచ్చి డబ్బా ఖాళీ చేసుకుని పోయింది.

సోమవారం పెద్దసారు గురునాథరావు సెలవు నుంచి వచ్చారు. హిమబిందు పరీక్షల అంకెలు చూసి ఆయన మొహం మాడిపోయింది.

"ఏ తోటకీ ఇంత పొటాష్ ఉండదమ్మా. మిషను తప్పు చూపిస్తన్నట్టుంది. జాడీ మట్టితో సరిచూశావా?"

రోజూ పని మొదలుపెట్టే ముందు చెంచాడు జాడీ మట్టి పరీక్షించడం ఆ ల్యాబు పద్ధతి. దానిలో ఏది ఎంతో ముందే తెలుసు. మిషను అదే చెబితే మిషను మంచిదే. ముప్పై ఏళ్లుగా గీసిన మ్యాపులన్నీ ఆ మట్టితో సరిచూసినవే.

"జాడీ అడుగంటింది సార్. నాలుగు రోజులుగా చూడలేదు. మీరొచ్చాక అడుగుదామని..."

"అడుగంటే వేళకి తెచ్చే మనిషి ఉందమ్మా. ఆ మట్టి ఇంకెక్కడా దొరకదు. ఈపాటికి రావాలే."

"ఎర్రమన్నా సార్?" అని అడిగింది హిమబిందు.

ఆయన పాత రిజిస్టరు తెరిచి ఆమె ముందు పెట్టారు. పేజీలు తిప్పుతుంటే ఆమె కళ్లు నీళ్లతో మసకబారాయి. చెత్తబండి వెళ్లిన దారికేసి ఓసారి చూసింది.

జాడీ నిండిన ప్రతిసారీ ఒకే వేలిముద్ర, దాని పక్కన ఒకే పేరు: గురువమ్మ, మల్కాపురం.