కుడితి వేళ

సింధూర భయం ఒక్కటే. తన కూతురికి పిచ్చి అని తేలడం. తేలితే ఏం చేస్తారో ఆమెకు తెలుసు.

బందరు ఆసుపత్రి మంచం మీద తొమ్మిదేళ్ల జాహ్నవి కళ్లు తెరుచుకునే పడుకుంది. మూతి అదే పనిగా ఒక పక్కకి తిరుగుతోంది, ఏదో నములుతున్నట్టు. మాట పడిపోయింది. అంతకుముందు ఊరికే నవ్వేది. ఆ నవ్వు చూసే నాయనమ్మ నాంచారమ్మ తాయెత్తు కట్టించింది. తాయెత్తు ఉన్న చేతికే ఇప్పుడు సెలైన్ సూది.

సింధూర ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఏడుపు రావడం లేదు. "మనిషివా, బండరాయివా?" అని అత్తగారు పొద్దున్నే అడిగింది కూడా. ఏమో, తనకీ తెలియదు.

"రిపోర్టు ఇంకా రాలేదా అమ్మా?" నాంచారమ్మ నర్సుని అడిగింది. "ఈ అవనిగడ్డ బస్సు పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. గేదెకి కుడితి వేళ దాటిపోద్ది."

నర్సు కృపాకుమారి నవ్వింది. "పిల్ల ఇలా ఉంటే గేదె గోలేంటి మామ్మగారూ? పక్కింటోళ్లకి ఫోన్ కొట్టండి, వాళ్లే పెడతారు."

"పరాయోళ్ల చేత తినదమ్మా. నేనే పెట్టాలి. ఆలస్యమైతే అరుస్తది. వీధి వీధంతా వినపడుద్ది."

"పొడుస్తుందా ఏంటి?"

"ఇదివరకు మీద పడేది. ఇప్పుడు ఓపిక లేదు. కట్టేసిన చోటే పడుంటది."

"పాలెన్ని లీటర్లు?"

"వట్టిపోయిందమ్మా."

"వట్టిపోయినదాన్ని ఇంకా మేపడమెందుకండీ, అమ్మిపారెయ్యక!"

నాంచారమ్మ కొంగు చివరి ముడిని వేళ్లతో నలిపింది. అందులో కొట్టం తాళంచెవి ఉంది. "ఎవరు కొంటారే తల్లీ!" అంది.

సింధూర తల ఎత్తలేదు.

ఇంతలో డాక్టర్ ఫాతిమా వచ్చింది. మంచం అంచు మీదే కూర్చుని, జాహ్నవి నుదురు నిమిరి, సింధూర వైపు తిరిగింది.

"వెన్నులోంచి తీసిన నీళ్ల రిపోర్టు వచ్చిందమ్మా. పాపకి పిచ్చి కాదు. మెదడు వాపు. జబ్బుల నుంచి మనల్ని కాపాడాల్సిన రక్షణ శక్తే దారి తప్పి, సొంత మెదడు మీద పడింది. ఆటో ఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అంటారు. మందుంది. ఇవాళే మొదలుపెడతాం. కోలుకోడానికి నెలలు పట్టొచ్చు గానీ, చాలామంది లేచి మామూలుగా తిరుగుతున్నారు."

"గాలీ ధూళీ ఏం కాదా అమ్మా?" నాంచారమ్మ మంచం దగ్గరికి జరిగింది.

"ఏ గాలీ కాదు మామ్మగారూ."

"మోపిదేవి స్వామీ! నా తండ్రీ!" నాంచారమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, వలవలా ఏడ్చింది. నర్సు ఆమె భుజం తట్టింది.

సింధూర మాత్రం ఎవరి పిల్ల గురించో వింటున్నట్టు విన్నది. లోపల ఏదైనా కదులుతుందేమోనని చూసుకుంది. ఏదీ కదల్లేదు. కాసేపటికి నోట్లోంచి ఒక ప్రశ్న వచ్చింది.

"పిచ్చే అనుకుని వదిలేస్తే ఏమయ్యేదండీ?"

"ప్రాణం పోవచ్చు. లేదా బతికుండి కూడా అలాగే ఉండిపోవచ్చు. ఇంకో సంగతి చెప్పనా? పిచ్చి అని ముద్ర వేసి ఏళ్ల తరబడి వదిలేసినవాళ్లలో కొందరికి అసలు జబ్బు ఇలాంటిదేనని ఈమధ్య పరిశోధనల్లో తేలుతోంది. అందరికీ కాదు. కొందరికే. వాళ్లలో మందు పడ్డాక మళ్లీ మాట్లాడినవాళ్లున్నారు."

"ఎన్నేళ్ల తర్వాతైనా మాట వస్తుందా?"

"మాటివ్వలేనమ్మా. ఎంత ఆలస్యమైతే అంత కష్టం. కానీ పరీక్ష ఎప్పుడైనా చెయ్యొచ్చు. చూడందే ఎలా తెలుస్తుంది?" డాక్టర్ కలం తీసింది. "ఇది సాధారణంగా వంశంలో వచ్చేది కాదు. అయినా అడుగుతున్నా. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉన్నట్టుండి వచ్చిందా?"

"లేదండీ," నాంచారమ్మ ఏడుపు టక్కున ఆగింది. "మా ఇంట్లో అలాంటోళ్లు ఎవరూ లేరండీ. మాది మంచి వంశం." కళ్లు తుడుచుకుని సంచీ చంకన పెట్టుకుంది. "అమ్మాయ్, పిల్ల జాగ్రత్త. నేనెళ్లొస్తా. గేదె అరుస్తా ఉంటది."

"బాగుంది! మనవరాలికంటే గేదే ఎక్కువైంది మామ్మగారికి," అంది నర్సు.

నాంచారమ్మ గుమ్మం దాకా వెళ్లింది. సింధూర జాహ్నవి చెయ్యి వదల్లేదు. గొంతు పెంచలేదు. రేషను షాపులో పేరు చెప్పినంత చప్పగా చెప్పింది.

"మేడం, ఆవిడకీ మొదట్లో ఇలాగే నవ్వేనంట. ఇంటర్ చదివేటప్పుడు. తర్వాత మూతి తిప్పడం, ఆ తర్వాత మాట పడిపోవడం."

"ఎవరికమ్మా?"

గుమ్మంలో నాంచారమ్మ ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. కొంగు ముడి మాత్రం గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"మా ఇంట్లో గేదె లేదండి. కొట్టంలో ఉన్నది మా ఆడపడుచు శ్రీలలిత."

మీ వీధిలోనూ ఎవరింట్లోనైనా ఎవరూ చూడని వట్టిపోయిన గేదె ఒకటి తాళం వెనక ఉంటే, ఒక్కసారి వెళ్లి చూసి రండి. పేరు పెట్టి పిలవండి.