పొగ రాని పొగగొట్టం

"మామ్మగారూ, చెయ్యి తీయండి! నాలుగు వందల ఏళ్లనాటి చెక్క అది!"

గైడు కేకకు ఇల్లు చూడవచ్చిన గుంపంతా వెనక్కి తిరిగింది.

గోడకు బిగించిన చెక్క పలకను ముసలావిడ తడుతూనే ఉంది.

టక్... టకటక... టక్.

తట్టి, చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి వింటోంది.

"లోపల ఎలుకలు తప్ప ఎవరూ లేరు మామ్మగారూ. అవీ టికెట్టు కొనుక్కునే వచ్చాయి."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"బాబూ, ఒక్క మాట అడుగుతాను..."

"చివర్లో అడుగుదురుగాని."

ఆ చివర ఏనాడూ వచ్చేది కాదు. ఒక గుంపు వెళ్లేలోగా ఇంకో గుంపు గుమ్మంలో ఉండేది.

వారం వారం వచ్చే ఆవిడకు ఇంట్లో పనిచేసేవాళ్లు 'టకటకల మామ్మ' అని పేరు పెట్టారు. ఆవిడ మేడ ఎక్కదు, రంగుటద్దాల కిటికీలవైపు చూడదు. నేరుగా ఈ గోడ దగ్గరికే వస్తుంది.

గైడు తన పాఠం అందుకున్నాడు.

"ఈ ఇల్లు కట్టించిన బట్టల వర్తకుడికి అన్నీ జంటగా ఉండాలని పిచ్చి. ఎడమవైపు ఎన్ని కిటికీలో కుడివైపూ అన్నే. ఎడమవైపు వంటింటి పొగగొట్టం ఉందని, కింద పొయ్యి లేకపోయినా కుడివైపూ ఒకటి లేపించాడు. అది పుట్టి బుద్ధెరిగి పొగ మొహం చూడలేదు! లోపలంతా డొల్ల. ఈ పలక వెనక ఒక మనిషి ముడుచుకు కూర్చునేంత చోటుంది. యుద్ధం రోజుల్లో సైనికులు ఇల్లిల్లూ గాలిస్తుంటే, ఒక గర్భిణిని ఇందులో దాచిందట, అదిగో, ఆ మహాతల్లి."

హాల్లో యుద్ధకాలం నాటి ఇంటి యజమానురాలి నిలువెత్తు చిత్రం వేలాడుతోంది.

ఆ గర్భిణి తన తల్లేననీ, ఆ కడుపులో ఉన్నది తనేననీ గైడు ఎవరికీ చెప్పేవాడు కాదు. రోజూ తలుపులు తీయగానే ఆ చిత్రం కింద ఒక పువ్వు మాత్రం పెట్టేవాడు. ఏరికోరి ఈ కొలువులో చేరింది అందుకే.

ఆ పై వారం మామ్మ తడుతుంటే పలక అంచు చిట్లింది. పైఅధికారి గైడును నిలబెట్టి కడిగేశాడు.

"ఇకమీదట ఆవిడకి టికెట్టివ్వకు," అని గైడు టికెట్ల కుర్రాడికి చెప్పాడు.

ముసలావిడ గేటు పట్టుకుని నిలబడింది.

"ఒక్క మాటే బాబూ..."

"మీ ఒక్క మాటకి నా ఉద్యోగం ఊడేలా ఉంది. వెళ్లండి మామ్మగారూ!"

ఆవిడ కుడివైపు పొగగొట్టంకేసి కాసేపు చూసి, వెళ్లిపోయింది.

చలికాలం చివర్లో టికెట్ల కుర్రాడు టీ తాగుతూ అన్నాడు.

"మీకు తలనొప్పి వదిలింది సార్. టకటకల మామ్మ పోయిందట."

"అయ్యో," అన్నాడు గైడు. మనసు చివుక్కుమంది. ఇంతలో గుంపు వచ్చింది.

అతను ఎన్నేళ్లుగా బతిమాలినా అతని తల్లి ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆ చీకటి మళ్లీ చూడలేనురా అనేది. ఈసారి తనే అడిగింది.

"పోయేలోగా ఆ తల్లికి ఒక్క దణ్ణం పెట్టుకుంటానురా."

సెలవు రోజు చూసి తీసుకొచ్చాడు. ఆమె చిత్రం ముందు చాలాసేపు నిలబడింది. అందులో యజమానురాలి చేతులు శాలువా చాటున ఉన్నాయి.

"ఈ మొహం నాకు తెలీదురా. చీకట్లో తిండి అందించిన చెయ్యొక్కటే తెలుసు."

"ఇల్లుగలావిడ కాక ఇంకెవరమ్మా?"

ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని పలక వెనక్కి దూరింది.

"మూసెయ్యి. ఒక్క క్షణం ఉంటాను."

మూశాడు. లోపల్నుంచి అలికిడి లేదు. అసలే పెద్దప్రాణమని అతనికి కంగారు పుట్టింది. తల్లిని నవ్వించినట్టూ ఉంటుంది, పలకరించినట్టూ ఉంటుందని మామ్మలాగే తట్టాడు.

టక్... టకటక... టక్.

ఆ వెంటనే లోపల్నుంచి బదులొచ్చింది.

టక్.

పలక తోసుకుని తల్లి బయటికొచ్చింది. చెంపల మీద కన్నీళ్లు ధారకట్టాయి. ఆమె చూపు కొడుకును దాటి అతని వెనక ఎవరికోసమో వెతుకుతోంది.

"అలా తడితే సైనికులు వెళ్లిపోయారని గుర్తు. తిరిగి నేనొకటి కొడితే బతికున్నానని. ఆఖరిసారి తట్టినప్పుడు భయంతో బదులు కొట్టలేదురా. ఎవరూ లేనప్పుడు పారిపోయాను. నేను బతికానో లేదో ఆవిడకి తెలిసుండదు."

గైడు పలక చిట్లిన అంచును వేళ్లతో తడిమాడు.

"ఆ తట్టడం నాకూ, నాకు తిండి పెట్టిన ఆ చేతికీ తప్ప మూడో మనిషికి తెలీదు... నీకు నేర్పిన ఆవిడ ఏదిరా?"