జానెడు తేడా

మామగారిని చంపడానికి కొట్టు యజమానికి కత్తీ అక్కర్లేదు, విషమూ అక్కర్లేదు. ఒక ప్లాస్టిక్ ముక్కను జానెడు కిందికి దించితే చాలు.

ఆ ముక్క ఇంటెన్సివ్ కేర్ గదిలో, మామగారి మంచం పక్కనున్న స్టాండుకు బిగించి ఉంది. ఆయన మణికట్టులో గుచ్చిన సన్నటి గొట్టం అందులోకి వెళుతుంది. రక్తపోటు ఎంతుందో అది తూచి పైనున్న తెరకు చెబుతుంది. కాలి పుండు చీము పట్టి, ఆ విషం ఒళ్ళంతా పాకి, ముసలాయనకు రక్తపోటు పడిపోయింది. సెప్టిక్ షాక్ అన్నారు డాక్టర్లు. పంపులోంచి ఎక్కే ఒక మందు ఆ పోటును పట్టి నిలబెడుతోంది.

"దాన్ని మాత్రం ముట్టుకోకండి అన్నా," అంది నర్సు, అతను స్టాండుకు ఆనుకోబోతుంటే. "అది గుండెకు సరిసమానంగా ఉండాలి. కిందికి జారిందనుకోండి, పోటు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. అది నమ్మి మేం మందు తగ్గించేస్తాం."

"అయ్యో, నాకెందుకమ్మా దాని జోలి," అన్నాడు కొట్టు యజమాని. ఆ మాటను మాత్రం మూటగట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

ఎక్కువ చూపడం, తక్కువ ఇవ్వడం. పెళ్ళయినప్పటినుంచీ కొట్లో అతను చేస్తున్నది అదే. కాటా పళ్ళెం కింద రూపాయి బిళ్ళంత అయస్కాంతం ఉంటుంది. చక్కెర కాస్త, అయస్కాంతం కాస్త కలిసి కిలో అవుతాయి.

దురదృష్టమేమిటంటే, మామగారు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాడు. బజారులో ఆయన పేరే 'పడికట్టు రాయి'. కూతుర్ని చూసి పోదామని వచ్చి, భోజనమయ్యాక ఏమీ తోచక, కొట్లోకి వెళ్ళి కాటా పళ్ళెం ఎత్తి చూశాడు. కొందరికి చేతులు ఊరికే ఉండవు.

"ఏం అల్లుడూ, నువ్వు తీస్తావా, అమ్మాయిని పిలవనా?"

"రేపు పొద్దున్నే తీసేస్తాను మామయ్యా. దానికి చెప్పకండి."

కొట్టు భార్య పేరు మీద ఉంది. ఆమె అచ్చంగా తండ్రికి తగ్గ కూతురు. తెలిస్తే ముందు కొట్టుకు తాళం వేసి, తరవాత మొగుణ్ణి బయటికి పంపుతుంది. ఆ రేపు తెల్లారేసరికి మామగారు జ్వరంతో స్పృహ తప్పి పడి ఉన్నారు. దేవుడు కూడా వ్యాపారస్తుడేనని అతనికి అప్పుడనిపించింది.

ఆసుపత్రిలో చేర్చిన రోజు అతను వరండా దద్దరిల్లేలా గొడవ చేశాడు.

"ఈ మాత్రం పోటు చాలని ఎలా అంటారండీ? మా మామయ్య అంటే నాకు ప్రాణం. మందు పెంచండి. ఆ అంకె తగ్గిందో, నేను ఊరుకునే మనిషిని కాను."

విసిగిపోయిన డాక్టరు పెంచాడు. "అల్లుడంటే అలా ఉండాలి," అని భార్య మేనత్త కళ్ళు ఒత్తుకుంది. ఏడుపు నటిస్తుంటే అతనికి నిజం కన్నీళ్ళే వచ్చాయి. తనలో ఒక మంచివాడున్నాడనీ, అవసరానికి తప్పకుండా పైకొస్తాడనీ అతనికి మొదటినుంచీ గట్టి నమ్మకం.

తరవాత చూస్తే, ముసలాయన వేళ్ళ చివర్లు నల్లబడ్డాయి. మూత్రం ఆగింది. అయినా మనిషి పోడు. పంపులో మందు అంత ధారాళంగా ఎక్కుతుంటే ఎలా పోతాడు? తన గొడవే తన మెడకు చుట్టుకుందని అతను పళ్ళు కొరుక్కున్నాడు.

మధ్యాహ్నం, చూడ్డానికి రానిచ్చే వేళ, నర్సు పక్క మంచం వైపు తిరిగింది. అతను స్టాండు మీది ముక్కను జానెడు దించాడు. అది ఉండాల్సిన ఎత్తుకు గుర్తుగా అంటించిన తెల్ల ప్లాస్టరును కూడా ఊడదీసి, కొత్తచోట అంటించాడు. తూకం తనదే, సీలూ తనదే. మామగారిని అతను ముట్టుకోలేదు. తెర అబద్ధం చెబుతుంది, నర్సు నమ్ముతుంది, మధ్యలో తానెక్కడున్నాడు?

తెర మీద అంకె ఎగబాకింది.

"పోటు బాగా పుంజుకుందే," అని నర్సు సంబరంగా మందు తగ్గించింది.

ఆమె తరవాత వచ్చినవాళ్ళు ప్లాస్టరు గుర్తు చూశారు, ముక్క సరిగ్గా గుర్తు మీదే ఉందనుకున్నారు, మందు ఇంకా తగ్గించారు. అతను ఇంట్లో తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేయించి, ఫోను పక్కన కూర్చున్నాడు.

ఫోను మోగింది. మామగారు కళ్ళు తెరిచారట.

అతను వెళ్ళేసరికి ముసలాయన దిండుకు ఆనుకుని, గులాబి రంగు తేలిన వేళ్ళతో గ్లాసు పట్టుకుని ఉన్నాడు. భార్య మంచం పక్కన నిలబడి ఉంది.

"నాన్న నోరు తెరవగానే ఏమన్నాడో తెలుసా?" అంది ఆమె. "కాటా పళ్ళెం ఎత్తి చూడమన్నాడు. చూసే వచ్చాను."

గుప్పిట విప్పింది. అరచేతిలో అయస్కాంతం. రెండో చేతిలో కొట్టు తాళంచెవి.

అప్పుడే డాక్టరు వచ్చి, నవ్వుతూ అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళాడు.

"మీతో దాచడమెందుకు? మావాళ్ళెవరో ఆ ముక్కను కిందికి బిగించి, గుర్తు కూడా అక్కడే అంటించినట్టున్నారు, తెర తప్పు చూపించింది. మేం తెలియక మందు సగానికి సగం తగ్గించేశాం. అదే ఆయన్ని బతికించింది," అని గొంతు తగ్గించాడు. "మందు ఎక్కువై రక్తనాళాలు బిగుసుకుపోయాయి, వేళ్ళు నల్లబడింది అందుకే. మొదటి రోజు మీరు గొడవ చేసి పెట్టించిన అంకె మీదే ఇంకొక్క రోజు ఉంచి ఉంటే, మీ మామగారు మీకు దక్కేవారు కాదండీ."