పదిహేడో పలక

కేకు ముక్క చేతిలోనే ఉంది. నోట్లో పెట్టుకోవడానికి ఆమెకు మనసొప్పడం లేదు.

ల్యాబు నిండా జనం. పదిహేడో నంబరు గాజు పలక గెలిచిందట. దాని మీద పూసింది, ఎండ తగిలితే కరెంటు పుట్టించే పూత. పెన్సిల్ ముల్లులో ఉండే నల్లటి సరుకునే పొర పొరగా ఒలిస్తే గ్రాఫీన్ అవుతుందట. పూతలో అదీ కలిపారట. ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ చేయలేదని డైరెక్టరమ్మ అందరి ముందూ ఈ పరిశోధన చేసిన డాక్టరుగారిని మెచ్చుకుంటోంది.

ల్యాబు తుడిచే ఆమె గోడకు ఇంకాస్త అతుక్కుంది. ఇంత గొప్ప పలకనా తను పాడుచేసింది!

ఆ రోజు పాపకు జ్వరం. పక్కింట్లో వదిలి వచ్చింది. ధ్యాసంతా ఇంటి మీదే. బల్ల మీద ఒక పలక, దాని మీద ఊదారంగు మరక. పాప గౌను మీద ద్రాక్షరసం ఒలికినట్టే ఉంది. తడిగుడ్డతో రుద్దింది, పోలేదు. స్పిరిట్ వేసి రుద్దింది. అద్దంలా మెరిసింది. మూలన గీసిన పదిహేడు అంకె మాత్రం మిగిలింది. తీసుకెళ్ళి పెట్టెలో పదహారుకీ పద్దెనిమిదికీ మధ్య సర్దేసింది.

"అక్కా, ఆ పెట్టెలో మరకల్లా కనిపించేవే మా ప్రాణాలు. చెయ్యి తగలనీకు," అంది సాయంత్రం రీసెర్చి చేసే అమ్మాయి.

ఆమె బకెట్టు ఎత్తుకుని గబగబా బయటికొచ్చేసింది. ఉద్యోగం పోతే పాప పాలకు దిక్కెవరు? ఆ పెట్టె పక్కన తుడిచినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేది. 'ఎనిమిదితో బడి మానేసిన మొద్దూ, తెలీకపోతే అడగడానికి నోరు లేదా?' అని తనను తానే తిట్టుకునేది.

"ఏంటమ్మా, తినవేం?" డాక్టరుగారు నవ్వుతూ దగ్గరికొచ్చారు. "మీ పాపకి కూడా రెండు ముక్కలు పట్టుకెళ్ళు. నా పలకల్ని కంటికి రెప్పలా చూసుకున్నావు."

ఇక ఆగలేకపోయింది.

"నన్ను చెప్పుతో కొట్టండి సార్! మరకనుకుని పదిహేడోదాన్ని తుడిచిపారేశాను."

అందరూ ఇటు తిరిగారు.

"ఏం మాటలవి? ముందు నువ్వింటికెళ్ళు," డాక్టరుగారు గొంతు తగ్గించారు.

"నిజం సార్! పెట్టెలో ఉన్నది వట్టి గాజే."

డైరెక్టరమ్మ పెట్టె తెరిచి పదిహేడోది తీసింది. వెలుతురుకు పట్టింది. గాజు అవతల డాక్టరుగారి మొహం స్పష్టంగా కనిపించింది.

"ఎప్పుడు తుడిచావమ్మా?"

"మూడు వారాలైందండీ. మా పాపకి జ్వరమొచ్చిన సోమవారం. డాక్టరుగారూ, నన్ను క్షమించండి..." అంటూ తలెత్తింది.

తల దించుకుని ఉన్నది డాక్టరుగారు: ఆయన వెనక బోర్డు మీద, పదిహేడో పలకను కొలిస్తే వచ్చిన కరెంటు, ఆ సోమవారం నుంచి నిన్నటిదాకా రోజుకో అంకె చొప్పున, ఆయన చేతిరాతలోనే ఉంది.