అమ్మాజీగారి పురుగు

“మా అమ్మ పేరు పురుక్కి పెడతారా మాష్టారూ?”

హనుమంతరావు చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది. కోప్పడతాడేమోనని ఎదురుగా కూర్చున్న కృపానందం కుర్చీ అంచుకి జరిగాడు. ఏలూరు కాలేజీలో జువాలజీ చెప్పుకునే మనిషికి మండవల్లి చేపల రైతు తల్లి పేరుతో ఏం పనంటే, పనుంది మరి. తాడేపల్లిగూడెం కాలవల నుంచి ముదినేపల్లి బోదెల దాకా ఏళ్ల తరబడి దేవులాడినా దొరకని కొత్తరకం కాడిస్ పురుగు, వీళ్లింటి వెనక చిన్న చెరువులో దొరికింది. నువ్వుగింజంత ఉంటుంది. నీళ్లలో పెరిగినన్నాళ్లూ పట్టుదారంతో సంచి అల్లుకుని అందులోనే కాపురం. రెక్కలొచ్చాక దీపం దగ్గర చేరుతుంది. ఏ పుస్తకంలోనూ దీని ఊసు లేదు. రేపోమాపో రిటైరయ్యే కృపానందానికి, ఉద్యోగమంతా కలిపి ఇది నాది అని చెప్పుకోవడానికి ఇదొక్కటే మిగిలింది.

“పెద్దావిడ ఆ చెరువులో మందు చుక్క వెయ్యనివ్వలేదు కదండీ. అందుకే అది బతికింది. అందుకే ఆవిడ పేరు,” అన్నాడు బెదురుతూనే.

హనుమంతరావు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “విన్నావా అమ్మా? ప్రపంచమంతా నీ పేరు చదువుతారంట!”

అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మాజీ తలెత్తలేదు. “దోమకి పెట్టలేదు, నయం.”

“కాకపోతే ఒక్క చిక్కుందండీ,” కృపానందం నసిగాడు. “నా దగ్గరున్నవన్నీ ఆడవే. మగది చూపిస్తేగానీ కొత్త జాతని ఒప్పుకోనని ఈ పురుగుల మీద పనిచేసే బయటిదేశం శాస్త్రవేత్త ఒకాయన ఈమెయిలిచ్చాడు.”

“నా పేరు పెట్టుకోడానిక్కూడా మగాడే కావాలా?” అంది అమ్మాజీ.

“ఈ నెల దాటితే రెక్కల పురుగు కనబడేది మళ్లీ ఏడాదికేనండీ. కాలేజీలో పరీక్షలవగానే వచ్చి మగదాని సంగతి తేల్చేస్తాను. అందాకా చెరువు జాగ్రత్త.”

“చెరువుల సంగతి మాకు చెప్పాలా మాష్టారూ! నిశ్చింతగా వెళ్లిరండి.”

పరీక్షలయ్యాయి. కృపానందం సంచీ భుజానేసుకుని బస్సు దిగేసరికి హనుమంతరావు ఎదురొచ్చాడు. పంచె అంచు నిండా సున్నం. ఇంటికి వెల్ల వేయిస్తున్నాడు కాబోలు, నా కోసం ఇంత హడావిడా అని కృపానందం తెగ మొహమాటపడిపోయాడు. ఇక విస్తరి చూస్తే కొరమీను పులుసు, చేదుపరిగెల వేపుడు, పేరు తెలియనివి మరో రెండు.

“ఇన్ని రకాలెందుకండీ?”

“భలేవారే! అన్నీ మన ఇంటెనక చెరువువేనండి. వీధంతా పంచినా ఇంకా మిగిలాయి. వెయ్యవే అమ్మా, మాష్టారికి ఇంకో ముక్క!”

తిన్నవాడు లేవడానికే ఆపసోపాలు పడ్డాడు. పొద్దు గూకగానే చెరువు గట్టున తెల్లగుడ్డ కట్టి, దాని ముందు పెట్రోమాక్స్ లైటు వెలిగించాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. తన పేరుగల పురుగు మొహం చూద్దామని అమ్మాజీ కుర్చీ వేయించుకుని మరీ కూర్చుంది. ఒక్క మగది చాలు ప్రభువా, ఒక్కటంటే ఒక్కటి అని కృపానందం లోపల్లోపల ప్రార్థన చేసుకున్నాడు.

ఎంతసేపు చూసినా గుడ్డ తెల్లగానే ఉంది. ఆడదీ రాలేదు, మగదీ రాలేదు. ఆఖరికి దోమ కూడా వాలలేదు.

“చెరువుకేం చేశారండీ?” అని అడిగాడు కృపానందం.

“నువ్వు చెప్పావని వీడంటేనే ఊరుకున్నాన్నాయనా,” అంది అమ్మాజీ. “లేకపోతే నా చెరువు ముట్టుకోనిచ్చేదాన్నా?”

హనుమంతరావు మొహం వెలిగిపోతోంది. కృపానందం సంచీకేసి ఆశగా చూస్తూ, “చేపపిల్లల్ని వదిలేముందు ఏ చెరువుకైనా చేసేదేనండి. ఇక మీ దగ్గరున్న ఆడవాటినీ, తెచ్చిన మగదాన్నీ వదలండి,” అని, మళ్లీ తనే అందుకున్నాడు.

“ఉన్న పురుగంతా బ్లీచింగ్ కొట్టి చంపించేశాను!”